రెండో ట్యూబా, దానికి తగిన మౌత్‌పీస్

మా అమ్మ అడిగిన ప్రశ్న చాలా చిన్నది. "ఉన్న బాకాకి ఏమొచ్చింది నాన్నా?" అంది. రెండో ట్యూబా (మేళంలో అట్టడుగు స్వరాలు పలికే పెద్ద ఇత్తడి బాకా) కొనుక్కోవాలనుకుంటున్నానని, రెండు పెళ్ళిళ్ళ సీజన్లలో మావయ్య మేళంలో ఊది దాచుకున్న డబ్బంతా దానికే పోతుందని చెప్పినప్పటి మాట అది. వంటింటి గుమ్మంలో నిలబడి "ఇంతకంటే మంచిది కావాలమ్మా" అన్నాను. ఆ జవాబు ఆమెకు రుచించలేదు. నిజం చెప్పాలంటే నాకూ రుచించలేదు. తరువాతి ఎనిమిది నెలల్లో మూడు వాద్యాలను, ఏడు మౌత్‌పీస్‌లను (పెదవులు ఆనించి ఊదే విడి భాగాలను) ఊది చూశాక గానీ, నాకు కావలసింది మొదటి ట్యూబా చేయలేని పనిని చేసే మరో ట్యూబా అని నాకు అర్థం కాలేదు. అది అర్థం కాకముందు ఒక తప్పుడు వాద్యానికి బయానా ఇచ్చేంత దూరం వెళ్ళాను కనుక, మన ప్రాంతంలో ఇత్తడి వాద్యాలు నేర్చుకుంటున్న వారికి పనికొస్తుందేమోనని ఈ టపా రాస్తున్నాను.

ముందుగా మొదటి ట్యూబా సంగతి. మాది కోనసీమలో మలికిపురం దగ్గర పల్లెటూరు. మావయ్యది బ్యాండు మేళం. పెళ్ళి ఊరేగింపులు, తీర్థాలు, డిసెంబరులో చర్చి వారి కార్యక్రమాలు, ఇవన్నీ కలిస్తే ఆ మేళానికి సంవత్సరం గడుస్తుంది. పద్నాలుగో ఏట నా పొడవు చూసి మావయ్య నా భుజానికి బేసు తగిలించాడు. మా మేళంలో దాన్ని ట్యూబా అన్నవారు ఎవరూ లేరు. అది బేసు, దాన్ని ఊదేవాడు బేసు కుర్రాడు. మూడు పిస్టన్ వాల్వులు, అంటే నొక్కితే గాలిని అదనపు గొట్టంలోకి మళ్ళించే మీటలు, ఉన్న బీ ఫ్లాట్ శ్రుతి వాద్యం అది. మన దేశంలో మేళాల వారు వాడే ఇత్తడి వాద్యాలలో చాలా భాగం లాగే ఇది కూడా మీరట్ నుంచి వచ్చింది. ఎవరు చేశారో చెప్పే ముద్ర మాత్రం నా చేతికి వచ్చేసరికే అరిగిపోయింది. దాని బెల్ (శబ్దం బయటికి వచ్చే గరాటు మూతి) అంచు రెండు చోట్ల నొక్కుకుపోయి ఉంటుంది, అడుగు వంపుకు ఒక మాటు ఉంటుంది, అయినా ఊరేగింపులో డ్రమ్ముల పక్కన, జెనరేటర్ మోత పక్కన నిలబడి ఊదినా వీధి చివరికి వినిపించే గొంతు దానిది. ఆ పనికి దానికంటే మంచిది నాకు ఇప్పటికీ అక్కర్లేదు.

తంటా అంతా నేను చెన్నైలో సంగీత విద్యార్థిగా చేరిన తరువాత మొదలైంది. మొదటి తంటా నవ్వు పుట్టించేది. మావయ్య వాల్వులకు కొబ్బరి నూనె వేస్తాడు; కోనసీమలో వేరే నూనె కొనడం ఆయన దృష్టిలో దుబారా. మా ఊరి ఎండలో అది బాగానే జారేది. చెన్నైలో ఏసీ గదిలో మొదటి పాఠం రోజున పది నిమిషాలకు మూడు వాల్వులూ నొక్కినవి నొక్కినట్టే ఉండిపోయాయి. కొబ్బరి నూనె దాదాపు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుందన్న విషయం, చలికాలంలో తలకు నూనె రాసుకునే ప్రతి తెలుగువాడికీ తెలిసినదే అయినా, నాకు ఆ రోజు తట్టలేదు. గురువుగారు ఏమీ అనకుండా వాల్వులు విప్పించి, సబ్బు నీళ్ళతో కడిగించి, పల్చటి వాల్వు నూనె సీసా ఒకటి చేతిలో పెట్టారు.

రెండో తంటా నూనెతో పోయేది కాదు. పియానోతో కలిసి ఊదినప్పుడు నా కింది స్వరాలు శ్రుతి మించి పైకి పోతున్నాయి. నా చెవి దోషమో పెదవుల దోషమో అనుకొని నెల రోజులు కుస్తీ పట్టాక గురువుగారు కాగితం మీద లెక్క వేసి చూపించారు. ఇత్తడి వాద్యంలో స్వరం ఒక అర్ధస్వరం (పియానో మీద ఒక మెట్టుకూ దాని పక్క మెట్టుకూ ఉన్న తేడా) దిగాలంటే అప్పటికి ఉన్న గొట్టం పొడవుకు దాదాపు 6 శాతం కలపాలి. బీ ఫ్లాట్ ట్యూబా గొట్టాన్ని సాగదీసి పరిస్తే దాదాపు 5.5 మీటర్లు ఉంటుంది. రెండో వాల్వు ఒక అర్ధస్వరం దింపడానికి సుమారు 33 సెంటీమీటర్లు కలుపుతుంది, మొదటి వాల్వు రెండు దింపడానికి 67, మూడోది మూడు దింపడానికి 104. విడివిడిగా నొక్కితే ఏ చిక్కూ లేదు. మొదటిదీ మూడోదీ కలిపి నొక్కినప్పుడు ఐదు అర్ధస్వరాలు దిగాలి. దానికి 184 సెంటీమీటర్లు కావాలి, మనకు వచ్చేది 171 మాత్రమే. మూడూ కలిపి నొక్కితే 228 కావలసిన చోట 204 వస్తుంది. ఆ లోటు వల్ల స్వరం దాదాపు పావుస్వరం, అంటే అర్ధస్వరంలో సగం, పైకి వినిపిస్తుంది. పొడవు పెరిగే కొద్దీ కలపవలసిన 6 శాతం కూడా పెరుగుతుందన్నదే ఇందులోని మర్మం. వాల్వు గొట్టాలు మాత్రం మొదటి పొడవుకు కొలిచి కోసినవి. ఊరేగింపులో ఈ తేడాను పెదవులతో సర్దుకుంటాం, సర్దకపోయినా పెళ్ళికొడుకు గుర్రం దిగి వచ్చి అడగడు. పియానో పక్కన ఆ వెసులుబాటు ఉండదు.

దీనికి తోడు మూడు వాల్వుల వాద్యానికి అడుగున ఒక గండి ఉంటుంది. వాల్వులేవీ నొక్కకుండా హాయిగా పలికే కింది బీ ఫ్లాట్ నుంచి మూడు వాల్వుల సాయంతో ఆరు అర్ధస్వరాలు దిగవచ్చు. దానికింద మూలస్వరం (వాల్వులు నొక్కకుండా గొట్టం పలికే అన్నిటికంటే కింది స్వరం) వచ్చే వరకు ఐదు స్వరాలు వాద్యంలో లేనే లేవు. నాలుగో వాల్వు ఉంటే మొదటి మూడో వాల్వుల జోడీకి బదులుగా అదొక్కటే నొక్కవచ్చు, గండిలోకీ దిగవచ్చు. అందుచేత రెండో ట్యూబాకు నాలుగు వాల్వులకు తక్కువ ఉండకూడదన్నది నేను మొదట చేసుకున్న నిర్ణయం, చివరిదాకా మార్చుకోనిది కూడా అదొక్కటే.

ఇక ఏ శ్రుతి వాద్యం అన్న దగ్గర దారి తప్పాను. ట్యూబా అనే పేరుతో 1835లో బెర్లిన్‌లో వీప్రెష్ట్, మోరిట్స్ అనే ఇద్దరు పేటెంటు పొందిన వాద్యం ఎఫ్ శ్రుతిలోది. ఆ తరువాత ఒక్కో దేశం ఒక్కో దారి పట్టింది: జర్మన్ ఆర్కెస్ట్రాలలో పెద్ద బీ ఫ్లాట్‌తో పాటు పై స్వరాలకు ఎఫ్ ఉంటుంది, అమెరికా ఆర్కెస్ట్రాలలో సీ ట్యూబా ఎక్కువ, ఇంగ్లండు బ్రాస్ బ్యాండులలో ఈ ఫ్లాట్, బీ ఫ్లాట్ పక్కపక్కనే కూర్చుంటాయి. సీ ట్యూబా నా బీ ఫ్లాట్‌కు ఒక స్వరం ఎత్తులో ఉండే అన్నదమ్ముడు. నాకు కొత్తగా ఇచ్చేదేమీ లేదని దాన్ని పక్కన పెట్టాను. ఎఫ్ మాత్రం నన్ను ఊరించింది. ఇంగ్లండు స్వరకర్త వాన్ విలియమ్స్ 1954లో ట్యూబా కోసం కాన్‌చెర్టో (ఆర్కెస్ట్రా తోడుగా ఒక వాద్యం ముందుండి వాయించే రచన) రాసినప్పుడు, అంత పెద్ద స్వరకర్త ఈ వాద్యాన్ని ముందు నిలబెట్టడమే ఒక విశేషం. అందులోని పై స్వరాల నడక వింటే ఈ వాద్యం గేదె కాదు, లేడి అనిపిస్తుంది. అలాంటివి ఊదాలంటే ఎఫ్ ఉండాలని నాకు నేనే తీర్మానించుకొని, చెన్నైలో పై చదువులకు విదేశం వెళ్తున్న ఒక సీనియర్ దగ్గరున్న ఐదు రోటరీ (పిస్టన్‌లా పైకీ కిందికీ కాక గుండ్రంగా తిరిగే) వాల్వుల ఎఫ్ ట్యూబాకు బయానా ఇచ్చేశాను.

అప్పుడు గురువుగారు ఒక పని చెప్పారు. వచ్చే మూడు సంవత్సరాలలో నువ్వు ఎక్కడెక్కడ, ఎవరి పక్కన కూర్చొని ఊదుతావో ఒక కాగితం మీద రాసుకొని రమ్మన్నారు. రాశాను. మూఢాలు, శూన్యమాసాలు పోగా మిగిలిన ముహూర్తాలన్నిటా మావయ్య మేళం. దానికి పాత బేసే చాలు. డిసెంబరులో మా చుట్టుపక్కల చర్చిలలో పాటల బృందం వెనుక ఊదడం. చెన్నైలో ఐదుగురు విద్యార్థులం కలిసి పెట్టుకున్న బృందం, అంటే రెండు ట్రంపెట్లు, ఒక హార్న్, ఒక ట్రాంబోన్, నేను. లండన్ ట్రినిటీ కాలేజీ వారి సంగీత పరీక్షలు. వాన్ విలియమ్స్ కాన్‌చెర్టో ఆ కాగితంలో ఎక్కడా లేదు. అది లేకపోవడం నాకు కొంచెం నొప్పిగానే అనిపించింది, కానీ నిజం అదే.

కాగితం చేతిలో పెట్టుకొని ఎఫ్ ట్యూబాను మళ్ళీ ఊదాను. పై స్వరాలు తేనెపట్టులా ఉన్నాయి, ఒప్పుకుంటాను. కాని నాలుగో వాల్వుతో పలికే కింది సీ దగ్గరకు వచ్చేసరికి స్వరం గాలిలో తేలిపోయింది, పట్టు దొరకలేదు. ఎఫ్ ట్యూబాలలో ఆ చోటు తరచూ బలహీనంగానే ఉంటుందని, దాన్ని లొంగదీయడానికి అలవాటు కావాలని గురువుగారు చెప్పారు. నా కాగితంలో రాసుకున్న పనులన్నిటిలోనూ రోజుకు వంద సార్లు వచ్చే స్వరం అది. అదే సీ, ఈ ఫ్లాట్ ట్యూబాలో మొదటి రెండు వాల్వులతో మామూలుగా పలుకుతుంది. బయానా తిరిగి అడగడానికి మొహం చెల్లలేదు. ఆ సీనియరే నా అవస్థ చూసి సగం వెనక్కి ఇచ్చాడు.

ఈ ఫ్లాట్ వాద్యం గొట్టం సుమారు 4 మీటర్లు. బీ ఫ్లాట్ అంత బరువైన నీడ పరచదు, ఎఫ్ అంత చురుకుగా పరుగెత్తదు, కాని ఐదుగురి బృందంలో ట్రాంబోన్ కింద సరిగ్గా ఇమిడిపోతుంది. లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాలో జాన్ ఫ్లెచర్ ఈ ఫ్లాట్‌తోనే పెద్ద పెద్ద రచనలు వాయించారని తెలిసిన తరువాత అది పిల్లల వాద్యమన్న నా చిన్నచూపు కూడా పోయింది. ఇంకో సౌకర్యం నాకు ఎవరూ ముందు చెప్పలేదు: బ్రాస్ బ్యాండు వారి పద్ధతిలో ఈ ఫ్లాట్ బేసుకు ట్రెబుల్ క్లెఫ్‌లో (స్వరలిపిలో ఏ గీత ఏ స్వరమో చెప్పే గుర్తు క్లెఫ్) రాసిన స్వరాలు, బేస్ క్లెఫ్‌లో అసలు శ్రుతిలో రాసిన స్వరాలు, గీతల మీద ఒకే చోట కూర్చుంటాయి. క్లెఫ్ గుర్తును, షార్పులు ఫ్లాట్ల లెక్కను మనసులో మార్చుకుంటే చాలు. బీ ఫ్లాట్ వేళ్ళకు అలవాటుపడిన నాకు ఈ ఫ్లాట్ వేళ్ళు కుదరడానికి ఆరు వారాలు పట్టింది. ఆ ఆరు వారాలూ పాత వాద్యాన్ని ముట్టుకోవద్దన్న గురువుగారి మాటను ఒక పెళ్ళి కోసం మీరి, ఊరేగింపు మధ్యలో బేసు పూర్తిగా వేరే శ్రుతిలో ఊది, మావయ్య చేత చీవాట్లు తిన్నాను.

ఈ ఫ్లాట్‌లో రెండింటిని చూశాను. మొదటిది కొత్తది, నాలుగు వాల్వులూ పైన ఒకే వరుసలో ఉన్నవి, నాలుగోదాన్ని కుడి చిటికెన వేలితో నొక్కాలి. రెండోది పాతది, విజయవాడలో ఒక విశ్రాంత బ్యాండ్‌మాస్టరు గారి ఇంట్లో దుప్పటి కప్పుకొని ఉన్నది. మూడు వాల్వులు కుడిచేతికి, నాలుగోది పక్కన ఎడమచేతికి. దానిలో కాంపెన్సేటింగ్ ఏర్పాటు ఉంది. పైన చెప్పిన లెక్కలోని లోటును తీర్చడానికి 1874లో ఇంగ్లండులో డేవిడ్ బ్లెయిక్లీ అనే ఆయన రూపొందించిన పద్ధతి అది: నాలుగో వాల్వు నొక్కినప్పుడు గాలి మిగిలిన మూడు వాల్వుల గుండా రెండోసారి తిరుగుతుంది, ఆ రెండో ప్రయాణంలో ప్రతి వాల్వుకూ ఉన్న చిన్న అదనపు గొట్టం తక్కువైన పొడవును కలుపుతుంది. వినడానికి గారడీలా ఉంటుంది. చూస్తే వాద్యం వెనుక భాగాన వాల్వులకు అంటుకొని ఉన్న చిట్టి వంపులే. దీనికి చెల్లించవలసిన మూల్యం కూడా ఉంది. వాద్యం బరువు పెరుగుతుంది, గాలికి మలుపులు పెరిగి అట్టడుగు స్వరాలు కొంచెం బిగుసుకున్నట్టు పలుకుతాయి, ఎడమచేయి వాల్వుకు అంకితమవుతుంది కనుక నిలబడి ఊదడం కష్టం. నేను దీన్ని కూర్చొని ఊదడానికే కొంటున్నాను కాబట్టి ఆ చివరి లోపం నన్ను బాధించలేదు.

పాత వాద్యాన్ని చూడటంలో గురువుగారు నేర్పిన పద్ధతిని వివరంగా చెప్పాలి, ఎందుకంటే పైపై మెరుపు చూసి మోసపోవడం చాలా తేలిక. ముందు మౌత్‌పీస్ దూర్చే గొట్టాన్ని, ఆపై మొదటి వంపును టార్చి వెలుతురులో చూడాలి. ఇత్తడి రాగి, జింకుల మిశ్రమం. లోపల తడి, ఉమ్మి, ఉప్పు చేరి జింకును తినేస్తే అక్కడ గులాబీ రంగు మచ్చలు, వాటి మధ్యలో నల్లటి చుక్కలు కనిపిస్తాయి. అది పైన పట్టిన చిలుములాగా తోమితే పోదు, గొట్టం లోపలి నుంచి కుళ్ళిందన్న మాట. తరువాత వాల్వు నొక్కకుండా దాని స్లైడును (జరపగలిగే గొట్టం ముక్కను) కొంచెం బయటికి లాగి, ఐదు సెకన్లు ఆగి, అప్పుడు వాల్వు నొక్కాలి. టప్ మని శబ్దం వస్తే లోపల గాలి బిగువుగా ఉన్నట్టు. ఏమీ వినిపించకపోతే పిస్టన్ అరిగిందని అర్థం. బ్యాండ్‌మాస్టరు గారి వాద్యంలో మూడు వాల్వులు గట్టిగా పలికాయి, మూడోది నీరసంగా పలికింది. స్లైడులన్నీ చేతితో కదిలాయి, ఒక్కటి తప్ప. సొట్టలు ఐదు, అన్నీ బెల్ వైపు, వెడల్పైన చోట. మౌత్‌పీస్‌కు దగ్గరగా ఉన్న సన్నని గొట్టంలో సొట్ట ఉంటే స్వరం మీద ప్రభావం ఎక్కువ, బెల్ మీది సొట్ట కంటికి మాత్రమే నొప్పి. కొత్త వాద్యానికి ఈ బాధలేవీ లేవు, ధర కూడా దాదాపు అంతే. అయినా ట్యూనర్ ముందు పెట్టుకొని, దానివైపు చూడకుండా స్వరం నిలిపి ఊది, నిలిచిన తరువాతనే కళ్ళు తెరిచి ముల్లు ఎక్కడుందో చెల్లెలి చేత రాయిస్తే, కొత్తదాని కింది స్వరాలు నా పాత బేసు పాడిన పాటనే పాడాయి. ఆ పాట నుంచి తప్పించుకోవడానికే కదా ఈ ప్రయాణమంతా!

బ్యాండ్‌మాస్టరు గారు డబ్బు జమ పెట్టించుకొని వాద్యాన్ని వారం రోజులు ఇంటికి తీసుకువెళ్ళనిచ్చారు. నర్సాపురంలో రైలు దిగి, సఖినేటిపల్లి రేవుకు పంటు మీద వశిష్ఠ దాటుతుంటే, పక్కన కొబ్బరికాయల బస్తాల మీద కూర్చున్న పెద్దాయన నా ఒళ్ళోని సంచీని తట్టి, "గుండిగా బాబూ? ఎక్కడ భోజనాలు?" అని అడిగారు. ఆ వారంలో నేను వాద్యాన్ని మూడు చోట్ల ఊదాను: గచ్చు నేల ఉన్న ముందు గదిలో, చర్చి హాలులో, కొబ్బరి తోటలో. గదిలో ఏ వాద్యమైనా గొప్పగానే వినిపిస్తుంది, గోడలు మెచ్చుకుంటాయి. తోటలో తిరిగి వచ్చే శబ్దం ఉండదు కనుక స్వరం మొదలు ఎలా ఉందో, తోక ఎలా ఉందో దాచడానికి వీలులేదు. బెల్ ఆకాశం వైపు చూసే వాద్యం కావడం వల్ల ఊదేవాడికి వినిపించేది వేరు, పది గజాల దూరంలో వినిపించేది వేరు; ఫోను అంత దూరంలో చెట్టు మొదట పెట్టి రికార్డు చేసుకోకుండా తీసుకున్న నిర్ణయం సగం చెవితో తీసుకున్నదే.

వారం చివర వాద్యం నాదయింది. మౌత్‌పీస్ మాత్రం కుదరలేదు.

నేను చేసిన మొదటి పొరపాటు, పాత బేసు మౌత్‌పీస్‌నే దీనికీ వాడవచ్చుననుకోవడం. అది దీని గొట్టంలోకి పూర్తిగా దిగలేదు; బొటనవేలి వెడల్పంత బయటే ఉండిపోయింది. ట్యూబా మౌత్‌పీస్ కాడలు (వాద్యంలోకి దూర్చే కొనలు) ఒకే కొలతలో ఉండవు. చిన్న కొన దగ్గర కొలిస్తే అమెరికా పద్ధతిలోవి సుమారు 13 మిల్లీమీటర్లు, యూరప్ పద్ధతిలోవి సుమారు 14. పాత ఇంగ్లీషు ఈ ఫ్లాట్ వాద్యాలు కొన్ని వీటికంటే సన్నని కాడను అడుగుతాయి. కాడ వాలు సుమారు 20కి 1 కాబట్టి, మందంలో అర మిల్లీమీటరు తేడా వస్తే లోతులో 10 మిల్లీమీటర్లు తేడా వస్తుంది. ఇంటర్‌లో వెర్నియర్ కాలిపర్స్‌తో గోళీ వ్యాసం కొలిచి మార్కులు తెచ్చుకున్న ప్రయోగం ఆ రోజు నాకు మొదటిసారి అక్కరకు వచ్చింది. బయట ఉండిపోయిన మౌత్‌పీస్ ఊగడమే కాదు, వాద్యం మొత్తం శ్రుతిని దింపి, పై స్వరాలను కిందివాటితో తగువుపెట్టింది. వాద్యంలో లోపం ఉందేమోనని నేను రెండు రోజులు బెంగపడ్డాను.

స్నేహితుల దగ్గర, గురువుగారి అలమరలో దొరికినవన్నీ కలిపి ఏడు మౌత్‌పీస్‌లు పోగయ్యాయి. వాటిలో నాలుగింటి కాడలే సరిపోయాయి. సరిపోనివాటిని కూడా ఊదాను, ఎందుకంటే రిమ్ము, అంటే పెదవులు ఆనే అంచు, ఎలా ఉందో చెప్పడానికి కాడతో పనిలేదు. లోపలి వ్యాసం ట్యూబా మౌత్‌పీస్‌లలో ఎక్కువగా 30 నుంచి 33 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. కాగితం మీద ఆ మూడు మిల్లీమీటర్లు ఏమీ అనిపించవు, పెదవుల మీద అవి మూడు వేరు వేరు ఇళ్ళు. విద్యార్థులకు తరచూ దొరికే బాక్ 24ఏడబ్ల్యూ వ్యాసం 31.25, దాని రిమ్ము వెడల్పుగా మెత్తటి అంచుతో ఉంటుంది. కాన్ హెల్లెబర్గ్ రకం 32.5, రిమ్ము సన్నం, కప్పు (రిమ్ము లోపలి గుంట) గరాటులా లోతుగా జారుతుంది. ఈ హెల్లెబర్గ్, అమెరికాలో పేరుపొందిన సౌసా బ్యాండులో ట్యూబా వాయించిన ఆగస్ట్ హెల్లెబర్గ్ పేరే. నడుస్తూ ఊదేవాడికి అడుగు అడుగుకూ వాద్యం మూతికి తగులుతుంది కనుక వెడల్పు రిమ్ము దయగా ఉంటుంది. కూర్చొని ఊదేటప్పుడు అదే రిమ్ము పెదవుల కదలికను బంధించినట్టు అనిపిస్తుంది. నా మూతికి 32 చుట్టూ హాయిగా ఉందని, మరీ సన్నని అంచు అరగంటకే నొప్పి పెడుతుందని తేలింది.

కప్పు సంగతి అంత సులువుగా తేలలేదు. గరాటులాంటి లోతైన కప్పుతో పెద్ద బీ ఫ్లాట్ మీద వచ్చే నాదం నాకు ఇష్టం. అదే ఆకారం ఈ ఫ్లాట్ మీద పెడితే కింది స్వరాలు విశాలమైనా, పై స్వరాలు దిగజారి, నాదానికి నడుము లేనట్టు అయింది. గిన్నెలాంటి గుండ్రని కప్పుతో నాదం కొంచెం చిన్నదై, మొదలు స్పష్టంగా వచ్చింది. ఇక్కడ నేను గోడ అవతల చెల్లెల్ని కూర్చోబెట్టి, ఏది ఏదో చెప్పకుండా ఒకే పాటను నాలుగు మౌత్‌పీస్‌లతో ఊది, తనకు అనిపించింది రాయమన్నాను. ఆమెకు సంగీత పరిభాష తెలియదు. ఒకదానికి "పల్చటి మజ్జిగ" అని, ఒకదానికి "గడ్డ పెరుగు" అని, లోతైన గరాటుకు "నీళ్ళు కలిపిన గడ్డ పెరుగు" అని రాసింది. వరస మార్చి మరునాడు మళ్ళీ ఊదితే మళ్ళీ అవే మాటలు రాసింది. రిమ్ము, కప్పు, వాద్యం మూడూ ఒకేసారి మార్చి ఊదిన రోజుల్లో నేను రాసుకున్న పేజీలకంటే ఆ రెండు చీటీలే నాకు ఎక్కువ చెప్పాయి. ఒకసారికి ఒక్కటే మార్చాలి, మార్చినదానితో కనీసం వారం గడపాలి. మొదటి పది నిమిషాల్లో ఏ కొత్త మౌత్‌పీస్ అయినా కొత్త అల్లుడిలా మర్యాదగానే ఉంటుంది. వెండి పూతా బంగారు పూతా అన్న చర్చలోకి నేను వెళ్ళలేదు. పూత చెదరి ఇత్తడి పెదవికి తగలకుండా ఉంటే నాకు చాలు.

చెల్లెలు గడ్డ పెరుగు అన్నది గిన్నె కప్పు, దాదాపు 32 వ్యాసం, మధ్యరకం రిమ్ము ఉన్న ఒక చవక నకలు. చిక్కల్లా ఏమిటంటే, కాడ సరిపోని మూడింటిలో అదొకటి; వరసగా చుట్టిన కాగితం ఆసరాతో దాన్ని కదలకుండా పట్టి ఊదాను. సన్నని కాడతో అలాంటిది విదేశం నుంచి తెప్పించుకుంటే కప్పు ధరకంటే రవాణా, సుంకం ఎక్కువయ్యేలా ఉన్నాయి. అప్పుడు మావయ్య నన్ను రొయ్యల చెరువుల ఏరేటర్ల ఇరుసులు బాగుచేసే లేతు షాపుకు తీసుకువెళ్ళాడు. ఆ మేస్త్రీ గారు మౌత్‌పీస్‌ను అటూ ఇటూ తిప్పి, ఇది ఏ మోటారుదని అడిగి, నేను చెప్పింది విని, వాలు చెడకుండా కాడను ముప్పావు మిల్లీమీటరు తగ్గించాలంటే పట్టును ఎంత వంచాలో లెక్క వేసుకున్నారు. ఒక్కో వైపుకు దాదాపు ఒకటిన్నర డిగ్రీలు. ఒకేసారి కోయకుండా, కొద్దికొద్దిగా తీస్తూ, ప్రతిసారీ ట్యూబాలో పెట్టి చూడమని నాకు ఇచ్చారు. ఐదోసారికి అది ఒక అంగుళం లోపలికి దిగి, చిన్న మెలికతో పట్టుకుంది. ఊగలేదు. లేతు హోరు మధ్యలోనే కింది సీ ఊదాను. మేస్త్రీ గారు మిషను ఆపి, ఇంకోసారి ఊదమన్నారు.

ఇప్పుడు బీ ఫ్లాట్ మావయ్య ఇంట్లోనే ఉంటుంది, ముహూర్తాలకు వెళ్ళి తీసుకుంటాను. దాని పాత మౌత్‌పీస్ వ్యాసం కూడా 32కు దగ్గరగానే ఉండటం నా అదృష్టం. రెండు వాద్యాల మధ్య మారినప్పుడు పెదవులు కొత్తచోట కూర్చోనక్కర్లేదు, కప్పు, కాడ మాత్రమే మారతాయి. ఈ ఫ్లాట్‌ను ఊదిన ప్రతిసారీ నీరు వంచి, గుడ్డ లాగి, వారానికోసారి కడుగుతాను, ఎందుకంటే అంతర్వేది వైపు నుంచి వచ్చే ఉప్పుగాలికి మా ఇంటి కిటికీ చువ్వలే నిలబడవు. అమ్మ ప్రశ్నకు మాత్రం నేను ఇప్పటికీ మాటలతో జవాబు చెప్పలేదు. చర్చి కార్యక్రమానికి ఆమెను వెంటబెట్టుకు వెళ్ళాను. తిరిగి వస్తూ, "ఇది అరవట్లేదు, మాట్లాడుతోంది" అంది.

మొన్న మావయ్యకు ఆ కొత్త మౌత్‌పీస్ మీద కన్ను పడింది. "ఒకసారి ఇలా ఇవ్వరా అల్లుడూ" అని తీసుకొని తన బేసులో పెట్టాడు. అది కప్పు మెడ దాకా లోపలికి దిగిపోయి ఇరుక్కుంది. బయటికి తీయడానికి మళ్ళీ లేతు షాపుకే వెళ్ళవలసి వచ్చింది.